స్లైస్ కాదంటే స్కానర్ ఎలా తిరిగొస్తుంది? 14 నెలలు వాడాక నా రివ్యూ

మా గోడౌన్‌లో చేతి స్కానర్లు, ట్యాబ్లెట్లు కలిపి 180 దాకా ఉంటాయి. వాటి బాగోగులు చూసేది నేను. సరుకు లోపలికొచ్చినా బయటికెళ్లినా ప్రతి పెట్టె దగ్గరా స్కానర్ బీప్‌మనాలి, ఆ లెక్క అప్పటికప్పుడు సర్వర్‌లో పడాలి. 14 నెలల క్రితం వైఫై మానేసి, ఒక మొబైల్ ఆపరేటర్ దగ్గర 5జీ స్లైస్ సర్వీసు తీసుకున్నాం. ఆ ఆపరేటర్ పేరు రాయడం లేదు. ఎవరి దగ్గర తీసుకున్నా అడగాల్సిన ప్రశ్నలు ఇవే కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు.

స్పీడు, కవరేజీ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రెండూ బాగున్నాయి. వైఫై ఉన్నప్పుడు ర్యాకుల మధ్య నడుస్తుంటే ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారే చోట స్కానర్ తడబడేది. ఇప్పుడు ఆ బాధ లేదు. మిగతా ఆఫీసు వాళ్లు వీడియో కాల్స్‌లో ఉన్నా మా స్కాన్లు ఆలస్యం కావడం లేదు. స్లైస్ అంటే అదే కదా, ఒకే నెట్‌వర్క్‌లో మన పనికి విడిగా ఒక దారి గీసి ఇవ్వడం.

నేను రాయాలనుకున్నది వేరే విషయం. ఆ దారి మొదట్లో ఒక కాపలా ఉంటుంది. ఆ కాపలా దగ్గర అథెంటికేషన్, అంటే గుర్తింపు తనిఖీ, ఫెయిలైతే పరికరం మళ్లీ పనిలోకి ఎలా వస్తుంది? సర్వీసు తీసుకునేటప్పుడు వాళ్లు దీని గురించి చెప్పలేదు, నేనూ అడగలేదు. 14 నెలల్లో నా నిద్ర చెడగొట్టింది మాత్రం ఇదొక్కటే.

మూడో నెలలో ఒక రాత్రి షిఫ్టు. ఒంటిగంట దాటింది. లోడింగ్ కుర్రాడొకడు 47వ నంబర్ స్కానర్ పట్టుకుని వచ్చాడు. "మేడమ్, సిగ్నల్ నిండుగా ఉంది. స్కాన్ చేస్తే బీప్ వస్తోంది. కానీ లెక్క ఎక్కడం లేదు" అన్నాడు. తీసుకుని చూశాను. పైన 5జీ గుర్తు, పక్కన నిండు గీతలు. మా యాప్ తెరిస్తే మధ్యలో ఒక చక్రం తిరిగి తిరిగి "సర్వర్ దొరకలేదు" అని వస్తోంది. ఆఫ్ చేసి ఆన్ చేశాను. అదే చక్రం. సిమ్ తీసి తుడిచి పెట్టాను. అదే చక్రం.

పది నిమిషాల్లో ఇంకొకడు వచ్చాడు. తర్వాత ఇద్దరు. అన్నీ ఒకేసారి పోయుంటే సర్వర్ పడిపోయిందని ఇట్టే తెలిసేది. ఇవి ఒక్కొక్కటిగా పోతున్నాయి. పక్కపక్కనే నిలబడిన ఇద్దరిలో ఒకడి స్కానర్ చక్కగా పనిచేస్తోంది, రెండోవాడిది చక్రం తిప్పుతోంది. మూడింటికల్లా 31 స్కానర్లు నా టేబుల్ మీదికి చేరాయి. పెట్టెల నంబర్లు కాగితం మీద రాసుకోమని చెప్పాల్సి వచ్చింది. ఆ రాత్రి కాగితాల లెక్క సరిచూసి సిస్టమ్‌లో ఎక్కించడానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఆపరేటర్ సపోర్ట్‌కి ఫోన్ చేశాను. అవతల అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. పోర్టల్ చూసి, "మేడమ్, ఈ సిమ్‌లన్నీ యాక్టివ్‌గానే ఉన్నాయి. ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నాడు. చేశానని చెప్పాను. మళ్లీ చేయమన్నాడు. నా దగ్గరున్న పోర్టల్‌లో కూడా 31 సిమ్‌ల పక్కనా పచ్చ చుక్క, "యాక్టివ్" అనే మాట. ఈ సర్వీసు మీద నా మొదటి ఫిర్యాదు ఆ పచ్చ చుక్క గురించే. అది చెప్పేది సిమ్ బతికుందని మాత్రమే. స్లైస్ దొరికిందో లేదో దాన్ని చూసి తెలుసుకోలేం.

తర్వాత నేర్చుకున్నది ఇక్కడే చెప్తాను, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. 5జీలో తాళాలు మూడు. ఇంటికి వీధి గేటు, లోపల గది తలుపు, గదిలో బీరువా ఉన్నట్టు అనుకోండి. గేటు దగ్గర జరిగేది మొదటి అథెంటికేషన్. సిమ్‌లోని రహస్య కీ సాయంతో 5జీ ఏకేఏ పద్ధతిలోనో, ఈఏపీ ఏకేఏ ప్రైమ్ పద్ధతిలోనో ఆపరేటర్ మనల్ని గుర్తుపడతాడు. అక్కడ నెట్‌వర్క్ గట్టిగా కాదంటే ఫోన్ ఆ సిమ్‌నే చెల్లనిదిగా లెక్కవేసుకుంటుంది. గీతలు, 5జీ గుర్తు రెండూ పోతాయి. గది తలుపు దగ్గర జరిగేది స్లైస్ అథెంటికేషన్. ఇంజనీర్లు దీన్ని ఎన్‌ఎస్‌ఎస్‌ఏఏ అంటారు. మొబైల్ నెట్‌వర్క్‌ల ప్రమాణాలు రాసే 3జీపీపీ వాళ్ల రిలీజ్ 16లో వచ్చింది. సిమ్ సరైనదే అయినా, "ఈ పరికరం మా కంపెనీదేనా?" అని స్లైస్ సొంతదారు తరఫు ఏఏఏ సర్వర్ (ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చే సర్వర్) మళ్లీ అడుగుతుంది. మూడోది బీరువా తాళం. స్లైస్ లోపల డేటా సెషన్ తెరిచేటప్పుడు అవతలి డేటా నెట్‌వర్క్ కావాలనుకుంటే చేసే తనిఖీ. అక్కడ ఫెయిలైతే సెషన్ తిరస్కరిస్తూ 29 అనే కారణం వస్తుంది.

మా స్కానర్లు గేటు దాటాయి, గది తలుపు దగ్గర ఆగిపోయాయి. అందుకే గీతలు నిండుగా ఉండి పని మాత్రం జరగలేదు. మా సిమ్‌లకు రెండు స్లైస్‌లు ఉన్నాయి. ఒకటి తనిఖీ లేని మామూలు స్లైస్, రెండోది మా పనిది. స్కానర్ మామూలు స్లైస్ మీద నెట్‌వర్క్‌లోనే ఉంది. మా యాప్‌కి మామూలు స్లైస్ మీదుగా వెళ్లే అనుమతి లేదు.

తెల్లారి ఆరింటికి మా ఐటీ అన్న వచ్చాడు. ఏఏఏ సర్వర్ నడిపేది మా కంపెనీయే, దాన్ని చూసుకునేది ఆయనే. లాగ్ తెరిచి నన్ను పిలిచాడు. "ఇదిగో చూడమ్మా" అని వేలు పెట్టి చూపించాడు. ప్రతి ఫెయిల్యూర్ దగ్గరా ఒకటే మాట, "అన్‌నోన్ సీఏ", అంటే సర్టిఫికెట్ జారీ చేసిన సంస్థ ఎవరో తెలియదని. ముందురోజు సాయంత్రం సర్వర్‌కి కొత్త సర్టిఫికెట్ పెట్టారు. అది వేరే సంస్థ జారీ చేసినది. ఆ సంస్థ రూట్ సర్టిఫికెట్, అంటే ఆ సంస్థను నమ్మడానికి కావాల్సిన మూల సర్టిఫికెట్, స్కానర్లలో లేదు. మేం వాడే ఈఏపీ టీఎల్‌ఎస్ పద్ధతిలో రెండు వైపులా సర్టిఫికెట్లు చూపించుకోవాలి; సర్వర్ పరికరాన్ని నమ్మితే చాలదు, పరికరం కూడా సర్వర్‌ని నమ్మాలి. స్కానర్లు కొత్త సర్వర్‌ని నమ్మలేదు. నిజానికి అవి తమ పని సరిగ్గానే చేశాయి.

మరి ఒక్కొక్కటిగా ఎందుకు పోయాయి? ఒకసారి తలుపు దాటిన పరికరాన్ని నెట్‌వర్క్ వెంటనే మళ్లీ అడగదు. పాసైన సంగతి నెట్‌వర్క్‌లో రిజిస్ట్రేషన్లు చూసుకునే ఏఎంఎఫ్ అనే భాగం గుర్తుంచుకుంటుంది. మా స్కానర్లకు షిఫ్టు మధ్యలో బ్యాటరీ మారుస్తారు. బ్యాటరీ తీస్తే స్కానర్ ఆగి మళ్లీ మొదటినుంచి రిజిస్టర్ అవుతుంది, అప్పుడు తలుపు దగ్గర మళ్లీ ప్రశ్న పడుతుంది. బ్యాటరీ మార్చినవి ఆగిపోయాయి, మార్చనివి నడిచాయి. ఇది నాకు ఒంటిగంటకే తెలిసుంటే, మిగతావాటి బ్యాటరీ మార్చకుండా క్రేడిల్‌లో పెట్టి ఛార్జ్ చేయించేదాన్ని. పది, పన్నెండు స్కానర్లన్నా నిలిచేవి.

పాత సర్టిఫికెట్ గడువు ఇంకా మూడు వారాలుంది. అన్న దాన్నే మళ్లీ పెట్టాడు. టైమ్ 6:40. హమ్మయ్య అనుకుని టేబుల్ మీది స్కానర్ల వైపు చూశాను. ఒక్కటీ కదల్లేదు. ఏడైంది. ఏడున్నర అయింది. సర్వర్ బాగైంది, సిగ్నల్ ఉంది, అయినా 47వ నంబర్ అదే చక్రం తిప్పుతోంది.

ఈ యాభై నిమిషాల గురించే ఈ రివ్యూ రాయాలనిపించింది.

స్లైస్ తనిఖీలో ఫెయిలైతే నెట్‌వర్క్ పరికరానికి ఒక తిరస్కరణ పంపుతుంది. పరికరం ఆ స్లైస్‌ని "తనిఖీలో ఫెయిలైనవి లేదా రద్దయినవి" అనే జాబితాలో రాసుకుంటుంది. రాసుకున్నాక ఆ నెట్‌వర్క్‌లో ఆ స్లైస్ ఊసెత్తదు. ఇది పరికరం మొండితనం కాదు, టీఎస్ 24.501 అనే 3జీపీపీ ప్రమాణ పత్రం చెప్పే పద్ధతే అది. లేకపోతే ఫెయిలైన ప్రతి పరికరం నిమిషానికోసారి తలుపు బాదుతూ నెట్‌వర్క్‌ని ఊపిరాడనివ్వదు. ఆ జాబితా చెరిగిపోవాలంటే పరికరం స్విచాఫ్ కావాలి, లేదా సిమ్ బయటికి రావాలి, లేదా ఆ నెట్‌వర్క్ నుంచి పూర్తిగా డీరిజిస్టర్ అవ్వాలి, లేదా నెట్‌వర్కే పిలిచి "ఇప్పుడు అనుమతి ఉంది" అని కొత్త జాబితా ఇవ్వాలి. అవతల సర్వర్ బాగైనంత మాత్రాన పరికరానికి ఆ కబురు అందదు.

ఇంకో మాట. రాత్రంతా మేం 47ని తొమ్మిదిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశాం. ప్రతిసారీ జాబితా చెరిగింది, ప్రతిసారీ మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లింది, సర్వర్ ఇంకా తప్పుగానే ఉంది కాబట్టి ప్రతిసారీ మళ్లీ ఫెయిలై మళ్లీ రాసుకుంది. తొమ్మిదిసార్లు చూశాక "రీస్టార్ట్‌తో లాభం లేదు" అని అందరం తేల్చేసుకున్నాం. 6:40 తర్వాత పదోసారి చేద్దామని ఎవరికీ తట్టలేదు. రీస్టార్ట్ సరైన మందే. వేసిన వేళ తప్పు.

ఏడున్నరకి ఊరికే చేతిలోకి తీసుకుని ఫ్లైట్ మోడ్ పెట్టాను, పది లెక్కపెట్టి తీశాను. ఏడో సెకనుకో ఎనిమిదో సెకనుకో యాప్‌లో చక్రం ఆగి, పెండింగ్‌లో ఉన్న 12 స్కాన్లూ ఒకదాని వెంట ఒకటి ఎక్కాయి. పక్కన నిలబడ్డ కుర్రాడు "అక్కా, వచ్చేసింది!" అని అరిచాడు. మిగతా 30 స్కానర్లకూ అదే చేశాం.

మర్నాడు ఆపరేటర్‌కి ఇదంతా రాసి పంపాను. ఇక్కడ వాళ్లను మెచ్చుకోవాలి. ఆరు వారాల్లో పోర్టల్‌లో "రీ-రిజిస్టర్" అని కొత్త బటన్ పెట్టారు. ఆ బటన్ నొక్కితే నెట్‌వర్క్ తనంతట తానే పరికరాన్ని డీరిజిస్టర్ చేస్తుంది, వెంటనే మళ్లీ రిజిస్టర్ అవ్వమని అదే సందేశంలో చెబుతుంది. పరికరం బయటికెళ్లి జాబితా చెరుపుకుని తిరిగొస్తుంది. నేను టేబుల్ దగ్గర కూర్చునే ర్యాకుల చివర ఉన్న స్కానర్‌ని వెనక్కి తెచ్చుకోగలుగుతున్నాను. ఒకసారికి ఇరవై పరికరాలకే అనుమతి. మొదట ఇదేం పరిమితి అనిపించింది కానీ, మా చిన్న ఏఏఏ సర్వర్ మీద 180 పరికరాలు ఒకేసారి సర్టిఫికెట్లు పట్టుకుని పడితే ఏమవుతుందో అన్న చెప్పాక ఆ ఇరవై సరైన సంఖ్యే అనిపించింది.

అంతా బాగుందనుకున్నాను. తొమ్మిదో నెలలో ఆ బటన్ పనిచేయని రోజు వచ్చింది.

ఐదో నెలలో 60 కొత్త స్కానర్లు కొన్నాం. వాటికి ఆపరేటర్ కొత్త సిమ్‌లు ఇచ్చాడు. ఆ సిమ్‌లకు మా పని స్లైస్ ఒక్కటే రాశారు. మామూలు స్లైస్ రాయలేదు. ఆ తేడా నాకు చెప్పలేదు. పైకి చూస్తే ఏ తేడా కనిపించదు కూడా.

తొమ్మిదో నెలలో మా దగ్గర ఫైర్‌వాల్ మార్చారు. మళ్లీ స్లైస్ తనిఖీ ఫెయిలవడం మొదలైంది. ఈసారి సర్వర్ లాగ్‌లో తప్పు అని ఏమీ లేదు. పరికరం పేరు చెప్పింది, సర్వర్ పలికింది, సర్టిఫికెట్ పంపాల్సిన చోటికి వచ్చాక నిశ్శబ్దం. అన్న రెండు గంటలు కూర్చుని పట్టుకున్నాడు. ఏఏఏ సర్వర్‌తో మాట్లాడే రేడియస్ సందేశాలు యూడీపీ మీద పోతాయి, అది పెద్ద సందేశాన్ని తనంతట తాను చిన్న ప్యాకెట్లుగా సర్దదు. సర్టిఫికెట్ మోసే సందేశం పెద్దది కావడంతో 1500 బైట్ల హద్దు దాటి రెండు ముక్కలవుతోంది. కొత్త ఫైర్‌వాల్ మొదటి ముక్కను వదిలి రెండో ముక్కను పారేస్తోంది. చిన్న సందేశాలు పోతాయి, పెద్దవి పోవు. మీ దగ్గర కూడా లాగ్ మధ్యలో ఇలా మూగబోతే ముందు ఇదే చూడండి. జవాబు రాకపోయినా ఫెయిలైనట్టే లెక్కవేసేలా ఆపరేటర్ వైపు సెట్టింగ్ ఉండడంతో ఫలితం మాత్రం అదే, తిరస్కరణ.

ఫైర్‌వాల్ సరిచేశాక నేను ధీమాగా పోర్టల్ తెరిచి బటన్ నొక్కాను. పాత స్కానర్లన్నీ వచ్చేశాయి. కొత్త 60లో ఆగిపోయినవి 44. ఒక్కటీ రాలేదు. వెళ్లి చూస్తే వాటి తెర మీద గీతలే లేవు. "సర్వీస్ లేదు" అని ఉంది.

జరిగిందేమిటంటే, వాటికున్నది ఒక్కటే స్లైస్. ఆ ఒక్కటీ తిరస్కరిస్తే ఇవ్వడానికి నెట్‌వర్క్ దగ్గర ఇంకేమీ ఉండదు. అప్పుడు "స్లైస్‌లేవీ అందుబాటులో లేవు" అనే 62వ కారణం చెప్పి పరికరాన్ని పూర్తిగా బయటికి పంపేస్తుంది. బయటికి వెళ్లిన పరికరానికి నెట్‌వర్క్ నుంచి కబురు పంపే దారి ఉండదు. నా బటన్ పంపే సందేశం చేరడానికి అవతల ఎవరూ లేరు. పరికరాలను దూరం నుంచి నడిపే మా ఎండీఎం సాఫ్ట్‌వేర్ కూడా అంతే, దానికీ నెట్ కావాలి కదా. 44 స్కానర్లనూ ఒక్కోదాన్ని వెతికి పట్టుకుని చేత్తో స్విచాఫ్ చేసి ఆన్ చేయాల్సి వచ్చింది. రెండు ఫోర్క్‌లిఫ్ట్‌ల మీద బిగించినవి, ఒకటి కోల్డ్ రూమ్‌లో ఉన్నది. ఆ ఒక్కదాని కోసమే జాకెట్ వేసుకుని లోపలికి వెళ్లాను.

దీన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోలేను. ఎందుకంటే ఇది ముందే తెలిసిన సంగతి. సిమ్‌కి డిఫాల్ట్‌గా రాసే స్లైస్‌లలో కనీసం ఒకటైనా ఈ తనిఖీ అవసరం లేనిదై ఉండడం మంచిదని టీఎస్ 23.501 అనే ఇంకో 3జీపీపీ పత్రం సలహా ఇస్తుంది. కారణం కూడా అక్కడే ఉంది: తనిఖీ ఫెయిలైనా పరికరానికి ఏదో ఒక సేవ అందుతూ ఉండాలని. మొదటి సిమ్‌లకు అలాగే రాసినవాళ్లు రెండోసారి ఎందుకు వదిలేశారో ఎన్నిసార్లు అడిగినా సరైన జవాబు రాలేదు. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక నాలుగు రోజుల్లో 60 సిమ్‌లకూ మామూలు స్లైస్ కలిపారు. ఈ సర్వీసుకి నేను తగ్గించిన మార్కుల్లో ఎక్కువ భాగం దీనికే.

చిన్నవి కొన్ని ఉన్నాయి. రెండు స్కానర్లు రెండు వారాలు డ్రాయర్‌లో ఉండిపోయి బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. ఛార్జ్ చేసి ఆన్ చేస్తే స్లైస్ రాదు. సర్వర్ బాగుంది, సర్టిఫికెట్ బాగుంది. చివరికి తెర మీద మూల చూస్తే తేదీ ఎప్పటిదో పాతది. గడియారం వెనక్కి వెళ్లిపోయింది. ఆ తేదీ ప్రకారం చూస్తే సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు, మరి పరికరం ఎలా నమ్ముతుంది? తేదీ సరిచేయగానే దారికొచ్చింది. మామూలు స్లైస్ ఉన్న పరికరం ఇలాంటప్పుడు కాసేపటికి నెట్‌వర్క్ నుంచే టైమ్ తెచ్చుకుంటుంది. అయితే అప్పటికే స్లైస్ ఫెయిలైనట్టు రాసుకుని ఉంటుంది కాబట్టి టైమ్ సరిపడ్డాక ఒకసారి ఫ్లైట్ మోడ్ తప్పదు. డ్రాయర్‌లోంచి తీసిన ప్రతి పరికరానికీ ఇప్పుడు నేను ముందు తేదీ చూస్తాను.

పాడైన సిమ్ మార్చినప్పుడు ఒకసారి ఇంకో చిక్కు వచ్చింది. ఏఏఏ సర్వర్ పరికరాన్ని గుర్తుపట్టేది జీపీఎస్‌ఐ అనే బయటి గుర్తింపుతో, అంటే ఫోన్ నంబర్ లాంటిది. కొత్త సిమ్‌కి ఆపరేటర్ వైపు ఆ వివరం ఎక్కించలేదు. ఫోన్ చేస్తే అరగంటలో ఎక్కించారు. ఆ రోజు సపోర్ట్‌లో ఉన్న అమ్మాయి మళ్లీ మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేయమనకుండా నేరుగా రికార్డు తెరిచి చూసింది. అలాంటివాళ్లు రాత్రి షిఫ్టులో కూడా ఉంటే బాగుంటుంది. ఇంకా నాలుగు పాత ట్యాబ్లెట్ల మోడెమ్‌లకు అసలు ఈ తనిఖీయే తెలియదు. అలాంటి పరికరానికి నెట్‌వర్క్ ఆ స్లైస్ ఇవ్వదు. ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా వృథా, మార్చేశాం.

పోర్టల్ గురించి. మొదట్లో పచ్చ చుక్క తప్ప ఏమీ లేని చోట, కొన్ని నెలలుగా స్లైస్‌కి విడిగా ఒక వరుస వస్తోంది. "అనుమతి", "పెండింగ్", "తిరస్కరణ" అని మూడు స్థితులు. తిరస్కరణ మీద నొక్కితే కారణం సంఖ్య కూడా కనిపిస్తుంది. 0 అంటే ఈ నెట్‌వర్క్ మొత్తంలో ఆ స్లైస్ లేదు, సబ్‌స్క్రిప్షన్‌లోనో పరికరంలోనో తేడా ఉందని. 1 అంటే ఇప్పుడున్న రిజిస్ట్రేషన్ ఏరియాలో లేదు, ఆ ఏరియా దాటితే రావచ్చు. 2 అంటే తనిఖీలో ఫెయిలైంది లేదా రద్దయింది, మా ఐటీ అన్నకి ఫోన్ చేయాలి. ఆ ఒక్క అంకె మొదటి రాత్రి నా ముందుంటే ఒంటిగంటకే అన్నను లేపేదాన్ని. ఇంతకుముందు ఈ అంకె కోసం టెస్ట్ పరికరంలో మోడెమ్ లాగ్ తీసి, నెట్‌వర్క్ సందేశాలు చదివే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరవాల్సి వచ్చేది.

"పెండింగ్" గురించి ఒక మాట. తనిఖీ జరుగుతున్నంతసేపు స్లైస్ ఆ స్థితిలోనే ఉంటుంది, అప్పుడు పరికరం ఆ స్లైస్ మీద సెషన్ తెరవకూడదు. మా దగ్గర ఆరు నుంచి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలోపే చిరాకేసి మళ్లీ స్విచాఫ్ చేసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే కథ మళ్లీ మొదటికే. అందుకే ప్రతి స్కానర్ వెనక చిన్న స్టిక్కర్ అంటించాను: "ఆన్ చేశాక ఇరవై సెకన్లు ఆగండి." ఆ స్టిక్కర్ అంటించాక నా టేబుల్ దగ్గరికి వచ్చే స్కానర్లు సగానికి సగం తగ్గాయి.

నా టేబుల్ దగ్గర గోడ మీద ఇంకో కాగితం ఉంది. రాత్రి షిఫ్టులో నేను లేనప్పుడు చూసే తమ్ముడి కోసం రాసింది. గీతలు ఉన్నాయా లేవా చూడు. ఉంటే పోర్టల్‌లో కారణం సంఖ్య చూడు. 2 అయితే పరికరాన్ని ముట్టుకోకు, ముందు సర్వర్ సంగతి కనుక్కో. పనిచేస్తున్నవాటి బ్యాటరీలు మార్చనివ్వకు. సర్వర్ బాగైందని అన్న చెప్పాక ఒక్క స్కానర్‌తో చూడు, అది వస్తేనే మిగతావి ఇరవై చొప్పున తీసుకురా. పదకొండో నెలలో సర్టిఫికెట్లు మళ్లీ మార్చినప్పుడు ఈ కాగితం పట్టుకునే తమ్ముడు నాకు ఫోన్ కూడా చేయకుండా ఏడు స్కానర్లను పావుగంటలో వెనక్కి తెచ్చాడు. ఆ సర్టిఫికెట్ మార్పు కూడా ఈసారి పద్ధతిగా జరిగింది. ముందు కొత్త రూట్‌ని పరికరాలన్నిటికీ పంపి, వారం ఆగి, తర్వాతే సర్వర్‌లో మార్చారు. ఆ వారంలో ఆఫ్‌లో ఉండిపోయినవే ఆ ఏడు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. నెట్‌వర్క్ నాణ్యతకి పూర్తి మార్కులు. రీ-రిజిస్టర్ బటన్‌కి, స్లైస్ స్థితి చూపే వరుసకి మంచి మార్కులు, అవి అడిగాక వచ్చినా సరే. రెండో విడత సిమ్‌లలో మామూలు స్లైస్ వదిలేసినందుకు ఒక మార్కు, రాత్రి సపోర్ట్‌కి అర మార్కు తగ్గించాను.

వచ్చే నెల కాంట్రాక్టు రెన్యువల్. కొనసాగిద్దామనే మా మేనేజర్ గారికి చెప్పాను. రెండు షరతులు మాత్రం కాగితం మీద పెట్టించుకున్నాం. కొత్తగా ఇచ్చే ప్రతి సిమ్‌కీ తనిఖీ లేని స్లైస్ ఒకటి డిఫాల్ట్‌గా ఉండాలి. పది నిమిషాల్లో మూడు పరికరాలు కారణం 2తో తిరస్కరణకు గురైతే నా ఫోన్‌కి మెసేజ్ రావాలి. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోది పోర్టల్ తర్వాతి అప్‌డేట్‌లో ఇస్తామన్నారు. అది వచ్చాక వాడి చూసి ఈ రివ్యూలో మార్కులు సవరిస్తాను.